మేజర్ ప్రాజెక్టు కొనుక్కోవడం దేనికి, ఫ్లైట్‌గేర్ ఉండగా

నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా బీటెక్ కంప్యూటర్ సైన్స్ పిల్లలు ఫైనలియర్‌కు రాగానే బ్యాచ్‌లు బ్యాచ్‌లుగా అమీర్‌పేటకో దిల్‌సుఖ్‌నగర్‌కో బస్సెక్కడం మనందరికీ తెలిసిన సంగతే. టైటిల్, కోడ్, రిపోర్టు, పీపీటీ, వైవాలో ఏం అడిగితే ఏం చెప్పాలో రాసిన కాగితం, అన్నీ ఒకే ప్యాకేజీలో దొరుకుతాయి. డబ్బులు పోతాయి, మార్కులు వస్తాయి. నాలుగేళ్ళు చదివిన సీ ప్లస్ ప్లస్ మాత్రం ఎన్నడూ వంద లైన్లు దాటదు. పెద్ద ప్రోగ్రాం ఎలా కడతారో, అది ఎందుకు కంపైల్ కానంటూ మొండికేస్తుందో ఒక్కసారైనా చూడకుండానే డిగ్రీ చేతికొస్తుంది.

నేను చెప్పేది ఒక్కటే. నలుగురు పిల్లల బ్యాచ్ ఒక సెమిస్టర్‌లో ఫ్లైట్‌గేర్ అనే విమాన సిమ్యులేటర్‌ను సోర్స్ కోడ్ నుంచి కట్టి, అంటే కంపైల్ చేసి, దానిలో మన జిల్లా భూమిని సరిచేసి చూపిస్తే, కొనుక్కొచ్చిన ఏ ప్రాజెక్టు కన్నా అది మెరుగైన మేజర్ ప్రాజెక్టు. రూపాయి ఖర్చు లేదు, వాడే పనిముట్లన్నీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. గైడ్లు దీన్ని ఒప్పుకోవాలి, పిల్లలు దీన్ని అడిగి మరీ తీసుకోవాలి.

ఫ్లైట్‌గేర్ 1997 నుంచి వస్తున్న విమాన సిమ్యులేటర్. జీపీఎల్ రెండో వెర్షన్ లైసెన్స్ కింద ఉంది. అంటే కోడ్ చదవొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. మార్చిన బైనరీ ఎవరికైనా ఇస్తే సోర్స్ కూడా ఇవ్వాలి. ఇది ఒక్క ప్రోగ్రాం కాదు, ఒకదాని మీద ఒకటి నిలబడే పొరల వరుస. అడుగున త్రీడీ బొమ్మ గీసే ఓపెన్‌సీన్‌గ్రాఫ్, దాని మీద సిమ్యులేటర్‌కు కావలసిన సాధారణ పనులు చేసే సిమ్‌గేర్ లైబ్రరీ, ఆ పైన అసలు ఫ్లైట్‌గేర్, పక్కన విమానాలు, టెక్స్‌చర్లు, సెట్టింగులు ఉండే ఎఫ్‌జీడేటా. విమానం ఎలా ఎగరాలో లెక్కకట్టే జేఎస్‌బీసిమ్, వైసిమ్ అనే రెండు ఇంజన్లు ఫ్లైట్‌గేర్ సోర్స్‌లోనే ఉంటాయి. ఈ వరుసను చేత్తో కట్టినవాళ్ళకు లైబ్రరీ, హెడర్, లింకర్, వెర్షన్ అనేవి పుస్తకంలో మాటలుగా మిగలవు.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. రెడీగా యాప్‌ఇమేజ్ దొరుకుతోంది, డెబియన్‌లో, ఉబుంటులో ఒక్క ఆప్ట్ కమాండ్‌తో ఇన్‌స్టాల్ అవుతుంది, ఇంత కష్టం ఎందుకు? నిజమే. ఎగరడం ఒక్కటే కావాలంటే రెడీ ప్యాకేజీయే వాడండి. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. కొత్త విమానం రాయాలన్నా, నాసల్ స్క్రిప్టుతో కాక్‌పిట్‌లో స్విచ్ కలపాలన్నా, సిమ్యులేటర్ లెక్కలను నెట్‌వర్క్ (యూడీపీ) ద్వారా బయటి పైథాన్ ప్రోగ్రాంకు పంపాలన్నా కంపైల్ అక్కర్లేదు. అవన్నీ ఎక్స్‌ఎంఎల్, నాసల్ ఫైళ్ళతోనే అయిపోతాయి. ఇంజన్ లోపలి సీ ప్లస్ ప్లస్ ముట్టుకోవాలన్నప్పుడు, క్రాష్ అయిన చోట జీడీబీ డీబగ్గర్‌తో లైన్ నంబర్ పట్టుకోవాలన్నప్పుడు, ఎవరో నిన్న దిద్దిన తప్పు ఈరోజే కావాలన్నప్పుడు సోర్స్ బిల్డ్ తప్పదు. చదువుకునే పిల్లలకు కావలసింది ఈ రెండో రకం పనే.

మెషిన్ గురించి ముందే చెప్పుకుందాం. మన దగ్గర పిల్లల ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా నాలుగు కోర్లు, 8 జీబీ ర్యామ్, ఇంటెల్ గ్రాఫిక్స్. అది చాలు. డిస్క్‌లో 30 జీబీ ఖాళీ ఉంటే ఇబ్బంది ఉండదు. డీబగ్ సమాచారంతో కడితే ఆబ్జెక్ట్ ఫైళ్ళే చాలా జాగా తింటాయి. లైనక్స్‌ను నేరుగా ఇన్‌స్టాల్ చేసుకోండి. విండోస్ లోపల వర్చువల్ మెషిన్‌లో కంపైల్ అవుతుంది గానీ ఎగరడం దగ్గర దెబ్బతింటుంది, ఎందుకో తర్వాత చెప్తాను. నాలుగు కోర్ల మీద మొత్తం వరుస కట్టడానికి రెండు మూడు గంటలు పడుతుంది. అది ఏ ఎర్రర్ లేకుండా సాగితే. మొదటిసారి అలా సాగదు, కాబట్టి వారం అనుకోండి.

నెట్ విషయం మన ఊళ్ళలో తేలిగ్గా తీసుకునేది కాదు. సోర్స్ కోడ్ చిన్నదే, కానీ ఎఫ్‌జీడేటాను గిట్‌తో, పాత మార్పుల చరిత్రతో సహా క్లోన్ చేస్తే అనేక జీబీలు. రోజుకు రెండు జీబీ ఫోన్ హాట్‌స్పాట్ మీద అది పూర్తి కాదు. పైగా గిట్ క్లోన్ మధ్యలో తెగితే ఆగిన చోటి నుంచి అందుకోదు, మొదటికొస్తుంది. అందుకని రెండు దారులు. ఒకటి, క్లోన్‌కు డెప్త్ 1 ఆప్షన్ ఇస్తే పాత చరిత్ర లేకుండా ఇప్పటి ఫైళ్ళు మాత్రమే దిగుతాయి. రెండు, విడుదలైన డేటా ప్యాకేజీని డబ్ల్యూగెట్‌తో, మైనస్ సీ ఆప్షన్ పెట్టి దించండి. కనెక్షన్ పోయి వచ్చినా మిగిలిందే దిగుతుంది. బ్యాచ్‌లో ఒక్కరు దించితే చాలు. చరిత్రతో దించిన రిపాజిటరీనైతే గిట్ బండిల్, డెప్త్ 1తో దించిన ఫోల్డర్‌నైతే టార్ కమాండ్ ఒక్క ఫైలుగా చుట్టి ఇస్తుంది, పెన్‌డ్రైవ్‌లో మిగతా ముగ్గురికి ఇవ్వొచ్చు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, ముందే ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చుకోండి. అలాగని పెన్‌డ్రైవ్ మీదే బిల్డ్ చేయొద్దు. లైనక్స్ లైబ్రరీలు ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు సింబాలిక్ లింకులు పెడతాయి, ఫ్యాట్ ఫార్మాట్‌లలో అవి కుదరవు.

ఏ వెర్షన్ కట్టాలి? రెండు శాఖలు చూడండి: 2020.3, 2024.1. కంపోజిటర్ అనే కొత్త రెండరింగ్ పద్ధతి 2020.3లో ఐచ్ఛికం, 2024.1లో అదే మార్గం. పాత ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్న మెషిన్‌కు 2020.3 తేలిక. కొత్త కంపైలర్ ఉన్న కొత్త మెషిన్‌కు 2024.1 మంచిది. నెక్స్ట్ అనే బ్రాంచ్ డెవలపర్లు రోజూ మార్చేది, ప్రాజెక్టు గడువు పెట్టుకుని దాని జోలికి పోవద్దు. ఏది ఎంచుకున్నా సిమ్‌గేర్, ఫ్లైట్‌గేర్, ఎఫ్‌జీడేటా మూడూ ఒకే రిలీజ్ బ్రాంచ్‌లో ఉండాలి. ఏది ఎలా కట్టాలో చెప్పే ఫ్లైట్‌గేర్ సీమేక్ ఫైలులో ఏ సిమ్‌గేర్ వెర్షన్ కావాలో రాసి ఉంటుంది. అది కుదరకపోతే ఒప్పుకోదు. డేటా వెర్షన్ కలవకపోతే కంపైల్ అంతా బాగానే అయిపోయి, రన్ చేసినప్పుడు తెరుచుకోకుండా ఆగుతుంది.

అవసరమైన ప్యాకేజీలు ఒక్కొక్కటి వెతుక్కునే బదులు ఆప్ట్ బిల్డ్-డెప్ ఫ్లైట్‌గేర్ అనే కమాండ్ ఇస్తే డిస్ట్రిబ్యూషన్ తన ఫ్లైట్‌గేర్ కట్టడానికి వాడినవన్నీ ఒకేసారి తెస్తుంది. దీనికి సాఫ్ట్‌వేర్ సోర్సుల జాబితాలో సోర్స్ ప్యాకేజీల లైన్ ఆన్ చేసి ఉండాలి, ఉబుంటులో మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది. ఇందులో ఒక చిక్కు ఉంది. ఆ కమాండ్ డిస్ట్రిబ్యూషన్ వారి సిమ్‌గేర్‌ను కూడా తెచ్చి సిస్టమ్‌లో పెడుతుంది. మీరు హోమ్ ఫోల్డర్‌లో వేరే వెర్షన్ సిమ్‌గేర్ కట్టుకుని, ఆ దారి సీమేక్‌కు చెప్పడం మరిస్తే, అది సిస్టమ్‌లో ఉన్నదాన్ని చూసి ‘వెర్షన్ కుదరలేదు’ అని ఆగిపోతుంది. పిల్లలు అప్పుడు సిమ్‌గేర్‌ను మళ్ళీ మళ్ళీ కడతారు, ఎర్రర్ మారదు. సిమ్‌గేర్ డెవలప్‌మెంట్ ప్యాకేజీని సిస్టమ్ నుంచి తీసేసి, సీమేక్ ప్రిఫిక్స్ పాత్‌లో మీ ఇన్‌స్టాల్ ఫోల్డర్ ఇస్తే తీరిపోతుంది.

ఈ పనంతా తనే చేసే డౌన్‌లోడ్-అండ్-కంపైల్ అనే షెల్ స్క్రిప్టు కూడా ఫ్లైట్‌గేర్ వాళ్ళే ఇస్తారు. మంచి స్క్రిప్టు. కానీ ప్రాజెక్టుగా చేసేవాళ్ళు మొదటిసారి చేత్తోనే కట్టాలని నా పట్టుదల. స్క్రిప్టును తర్వాత తెరిచి చదవండి, మీరు చేసిన ప్రతి మెట్టూ అందులో కనబడుతుంది. వైవాలో చూపించడానికి అంతకన్నా మంచి పత్రం లేదు.

ఫోల్డర్ల ఏర్పాటు ఇలా చేసుకోండి. హోమ్‌లో ఒక ఫోల్డర్, దానిలో సోర్స్, బిల్డ్, ఇన్‌స్టాల్ అని మూడు. సోర్స్ ఫోల్డర్ లోపలే బిల్డ్ చేయొద్దు, జనరేట్ అయిన ఫైళ్ళు అసలు కోడ్‌తో కలిసిపోతే శుభ్రం చేయడం నరకం. సీమేక్‌కు ఇన్‌స్టాల్ ప్రిఫిక్స్‌గా ఆ మూడోది ఇవ్వండి. సుడో (అడ్మిన్ అనుమతి) అవసరం రాదు, పాడైతే ఆ ఫోల్డర్ ఒక్కటి తీసేసి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. బిల్డ్ టైప్ తప్పకుండా రాయండి. రెల్-విత్-డెబ్-ఇన్ఫో అంటే ఆప్టిమైజేషన్ ఉంటుంది, క్రాష్ అయితే లైన్ నంబరూ దొరుకుతుంది. డీబగ్ అని పెడితే సీన్‌గ్రాఫ్ కోడ్ నత్తనడక నడుస్తుంది, తర్వాత గ్రాఫిక్స్ కార్డును తిట్టుకుంటారు.

మొదట ఓపెన్‌సీన్‌గ్రాఫ్, 3.6 శ్రేణి. డిస్ట్రిబ్యూషన్‌లో 3.6.5 ఉంటే అదే వాడొచ్చు, చేత్తో కడితే ఎక్కువ నేర్చుకుంటారు. దీని సీమేక్ ఫైలు చాలా పాతది, కనీస వెర్షన్ 2.8 అని రాసి ఉంటుంది. 2025లో వచ్చిన సీమేక్ 4.0, 3.5 కన్నా పాత ఒప్పందాన్ని పూర్తిగా వదిలేసింది. అందుకే కొత్త డిస్ట్రిబ్యూషన్లలో మొదటి కమాండ్‌కే ‘3.5కు ముందటి పొందిక తొలగించాం’ అన్న ఎర్రర్ వస్తుంది. సీమేక్ పాలసీ వెర్షన్ మినిమమ్ అనే వేరియబుల్‌ను 3.5 అని కమాండ్‌లోనే ఇస్తే ముందుకు కదులుతుంది. ఇలాంటిదే ఇంకొకటి జీసీసీ 13 కంపైలర్‌తో వచ్చింది. పాత కోడ్‌లో సీ-ఎస్‌టీడీఇంట్ హెడర్ చేర్చకపోయినా ఇంతకుముందు వేరే హెడర్ల ద్వారా లోపలికి వచ్చేది, ఇప్పుడు రాదు. యూఇంట్32_టీ అంటే ఏమిటో తెలియదని కంపైలర్ అంటే, ఆ ఫైలు పైన ఒక్క ఇన్‌క్లూడ్ లైన్ చేర్చండి. ఆ ఒక్క లైను మార్పును గిట్ కమిట్‌గా రాసుకోండి, అది మీ ప్రాజెక్టులో మొదటి అసలైన పని.

ఓపెన్‌సీన్‌గ్రాఫ్ దగ్గర అందరినీ దెబ్బకొట్టేది మాత్రం ఎర్రర్ ఇవ్వని తప్పు. పీఎన్‌జీ, జేపెగ్, ఫ్రీటైప్ లైబ్రరీల డెవలప్‌మెంట్ ప్యాకేజీలు మెషిన్‌లో లేకపోతే, సీమేక్ వాటి ప్లగిన్లను మౌనంగా వదిలేసి మిగతాది కట్టేస్తుంది. కంపైల్ నూరు శాతం, ఇన్‌స్టాల్ సవ్యం. రెండు గంటల తర్వాత సిమ్యులేటర్ తెరిస్తే విమానం తెల్లగా, నేల తెల్లగా ఉంటుంది, టెర్మినల్‌లో ‘ఈ ఫైలు చదివే ప్లగిన్ దొరకలేదు’ అన్న లైన్లు వరదలా వస్తాయి. అందుకని కంపైల్ మొదలుపెట్టే మేక్ కమాండ్ ఇవ్వకముందే సీమేక్ ముద్రించిన జాబితా మొత్తం చదవాలి. దొరకలేదు అన్న ప్రతి పేరునూ చూసి, ఇది నాకు కావాలా అని అడగాలి. ఇన్‌స్టాల్ అయ్యాక ప్లగిన్ల ఫోల్డర్‌లో పీఎన్‌జీ, జేపెగ్, ఫ్రీటైప్, ఏసీ, డీడీఎస్ పేర్లతో ఫైళ్ళు ఉన్నాయో లేదో చూడండి. ఒక్క నిమిషం పని, ఒక పూట మిగులుతుంది.

తర్వాత సిమ్‌గేర్. దీనికి బూస్ట్ హెడర్లు, జడ్‌లిబ్, కర్ల్, ఓపెన్‌ఏఎల్ కావాలి. మామూలుగా ఇది స్టాటిక్ లైబ్రరీగా కడుతుంది, అంటే దీని కోడ్ ఫ్లైట్‌గేర్ బైనరీలోకే వెళ్ళి కలుస్తుంది. సిమ్‌గేర్‌లో ఏదైనా మార్చితే అక్కడ ఇన్‌స్టాల్ చేసి, ఫ్లైట్‌గేర్‌నూ మళ్ళీ లింక్ చేయాలి. మార్పు కనబడటం లేదని తల పట్టుకునేవాళ్ళు ఈ రెండో పని మరిచినవాళ్ళే. ఆ తర్వాత ఫ్లైట్‌గేర్. పీలిబ్ అనే చిన్న పాత లైబ్రరీని ఇది అడిగితే అదీ పెట్టండి. కిటికీలు, బటన్లు గీసే క్యూటీ లైబ్రరీ లేకపోతే లాంచర్ కిటికీ రాదు, సిమ్యులేటర్ మాత్రం వస్తుంది. కమాండ్ లైన్ నుంచి నడిపేవాళ్ళకు అది లోటు కాదు.

ఇక ర్యామ్. టెంప్లేట్లు నిండిన సీ ప్లస్ ప్లస్ ఫైలు ఒక్కటి కంపైల్ కావడానికే ఒక జీబీ దాకా, కొన్నిసార్లు అంతకు మించి మెమరీ తీసుకుంటుంది. ఎనిమిది పనులు ఒకేసారి నడిపితే 8 జీబీ మెషిన్ చేతులెత్తేస్తుంది. కెర్నల్ ఒక ప్రాసెస్‌ను చంపేస్తుంది, తెర మీద ‘సీసీ1ప్లస్ కిల్డ్’ అని కనబడుతుంది. ఇది కోడ్‌లో తప్పు కాదు. డీమెసేజ్ కమాండ్ చూస్తే మెమరీ అయిపోయిన సంగతి అక్కడ రాసి ఉంటుంది. మేక్‌కు మైనస్ జే 2 ఇవ్వండి, 4 జీబీ మెషిన్ అయితే జే 1 ఇచ్చి, ఇంకో 4 జీబీ స్వాప్ ఫైలు పెట్టండి. మైనస్ జే రాసి అంకె రాయకపోతే మేక్ హద్దు లేకుండా పనులు మొదలుపెడుతుంది. మేక్ బదులు నింజా వాడితే అది అడగకుండానే కోర్ల కన్నా ఎక్కువ పనులు నడుపుతుంది, దానికీ అంకె ఇవ్వాలి. చివర లింక్ దశలో తొంభై తొమ్మిది శాతం దగ్గర చాలాసేపు కదలకుండా ఉంటే కంగారుపడి ఆపకండి. అది ఒకే కోర్ మీద నడిచే పని, మెమరీ కూడా ఎక్కువే.

వేసవిలో మధ్యలో కరెంటు పోయి, బ్యాటరీ అయిపోయి మెషిన్ ఆరిపోతే భయం లేదు. మళ్ళీ మేక్ అంటే మిగిలినవే కడుతుంది. ఆరిపోయిన క్షణంలో రాస్తున్న ఆబ్జెక్ట్ ఫైలు మాత్రం సగంలో ఉంటుంది. టైమ్ చూస్తే కొత్తది కాబట్టి మేక్ దాన్ని ముట్టదు, లింకర్ ‘ఫైలు తెగింది’ లేదా ‘ఫార్మాట్ గుర్తుపట్టలేదు’ అంటుంది. ఆ ఒక్క ఫైలు తీసేసి మళ్ళీ మేక్ అనండి. కంపైల్ అయినవాటిని దాచి మళ్ళీ వాడే సీక్యాష్ పెట్టుకుంటే రెండోసారి నుంచి బిల్డ్ సమయం బాగా తగ్గుతుంది, నలుగురూ రోజూ బ్రాంచ్‌లు మార్చే బ్యాచ్‌కు అది తప్పనిసరి.

రన్ చేయగానే ఓఎస్‌జీ (ఓపెన్‌సీన్‌గ్రాఫ్) లైబ్రరీ పేరు చివర 161 అంకెతో ‘తెరవలేకపోయాను’ అన్న లైన్ వస్తే, లైబ్రరీ ఉంది, దాని దారి సిస్టమ్‌కు తెలియదు. మీ ఇన్‌స్టాల్ ఫోల్డర్‌లో లిబ్, లిబ్64 రెండూ చూడండి. ఏది నిండి ఉంటే దాన్ని ఎల్‌డీ లైబ్రరీ పాత్ అనే వేరియబుల్‌లో పెట్టండి. ఎఫ్‌జీ రూట్‌గా ఎఫ్‌జీడేటా ఫోల్డర్ ఇవ్వండి. ఇవన్నీ నాలుగు లైన్ల షెల్ ఫైలుగా రాసి పెట్టుకుంటే బ్యాచ్‌లో ప్రతి ఒక్కరి మెషిన్‌లో ఒకేలా నడుస్తుంది.

సెకనుకు ఒకటి రెండు ఫ్రేములే వస్తున్నాయా? జీఎల్‌ఎక్స్‌ఇన్ఫో కమాండ్‌లో రెండరర్ పేరు చూడండి. ఎల్‌ఎల్‌వీఎం-పైప్ అని ఉంటే బొమ్మ గీస్తున్నది గ్రాఫిక్స్ చిప్ కాదు, ప్రాసెసర్. వర్చువల్ మెషిన్ వద్దని మొదట చెప్పింది ఇందుకే. ఇంకొకటి: నేల ఫైళ్ళను నెట్ నుంచి దించే టెర్రాసింక్ ఆన్ చేయకపోతే మన వైపు నేల దిగదు. భూమి ఫైలు లేని చోట సిమ్యులేటర్ సముద్రం గీస్తుంది, శంషాబాద్ చుట్టూ నీళ్ళే కనబడతాయి. బిల్డ్ పాడైందనుకోవద్దు.

మొదటి ఎగురుడుకు విమానాశ్రయం కోడ్ వీఓహెచ్‌ఎస్ (శంషాబాద్), విమానం సెస్నా 172పీ. శంషాబాద్ ఎత్తు సముద్రమట్టానికి 2,024 అడుగులు. అక్కడి నుంచి నాగార్జునసాగర్ ఆనకట్టకు ఆగ్నేయంగా సుమారు 130 డిగ్రీల దిశలో 64 నాటికల్ మైళ్ళు, 110 నాట్ల వేగంతో 35 నిమిషాలు. నల్లగొండ పట్టణం ఎడమ పక్కన దూరంగా ఉండిపోతుంది. ఇప్పుడు మెటార్ వాతావరణ వాక్యం చేత్తో రాసి ఉష్ణోగ్రత 42 డిగ్రీలు పెట్టండి, అంటే మన మే నెల. శంషాబాద్ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 11 డిగ్రీలు. తేడా 31, డిగ్రీకి 120 అడుగుల చొప్పున 3,700. దాన్ని 2,024కు కలిపితే డెన్సిటీ ఆల్టిట్యూడ్, అంటే గాలి పలచదనాన్ని బట్టి విమానానికి అనిపించే ఎత్తు, 5,700 అడుగుల దాకా వస్తుంది. 160 హార్స్‌పవర్ ఇంజన్ ఆ గాలిలో సుమారు ఆరో వంతు శక్తి పోగొట్టుకుంటుంది. రన్‌వే మీద పరుగు పెరుగుతుంది, మిక్స్‌చర్ (గాలిలో కలిసే ఇంధనం) తగ్గిస్తే ఆర్‌పీఎం కాస్త కోలుకుంటుంది. 15 డిగ్రీల దగ్గర ఒకసారి, 42 దగ్గర ఒకసారి పరుగు పొడవు కొలిచి గ్రాఫ్ గీస్తే రిపోర్టులో ఒక అధ్యాయం సిద్ధం. దాన్ని మరో కాలేజీ వాళ్ళ రిపోర్టు నుంచి ఎత్తి పెట్టుకోలేరు.

ప్రాజెక్టుకు ప్రాణం నా దృష్టిలో మన నేల. ఫ్లైట్‌గేర్ భూమిని పది డిగ్రీల ఫోల్డర్లుగా, వాటి లోపల ఒక డిగ్రీ ఫోల్డర్లుగా, వాటిని మళ్ళీ ముక్కలుగా కోస్తుంది. 22 డిగ్రీల అక్షాంశం లోపల ఒక్కో ముక్క డిగ్రీలో ఎనిమిదో వంతు పొడవు, అంతే వెడల్పు. మన దగ్గర అది సుమారు 14 కిలోమీటర్లకు 13 కిలోమీటర్లు, చదరపు డిగ్రీకి 64 ముక్కలు. మహబూబ్‌నగర్ ఈ077ఎన్16లో, శంషాబాద్ ఈ078ఎన్17లో, నల్లగొండ ఈ079ఎన్17లో, సాగర్ ఈ079ఎన్16లో పడతాయి. ముక్కకు నంబర్ ఎలా వస్తుందో సిమ్‌గేర్ కోడ్‌లోనే ఉంది. రేఖాంశానికి 180 కలిపి 14 బిట్లు ఎడమకు జరపాలి, అక్షాంశానికి 90 కలిపి 6 బిట్లు జరపాలి, పైకి ఎన్నో వరుసో దాన్ని 3 బిట్లు జరపాలి, చివర అడ్డంగా ఎన్నో గడియో అది కలపాలి. సాగర్ ఆనకట్టకు 259, 106, 4, 2 వేసి చూస్తే 4250274 వస్తుంది. ఆ నంబర్‌తో ఉన్న ఎస్‌టీజీ ఫైలులో ఒక లైన్ రాస్తే మీ త్రీడీ బొమ్మ అక్కడ నిలబడుతుంది: బొమ్మ రకం, బొమ్మ పేరు, రేఖాంశం, అక్షాంశం, ఎత్తు, దిశ. ముందు రేఖాంశం, తర్వాత అక్షాంశం. తారుమారైతే బొమ్మ భూగోళం ఇంకో మూలకు పోతుంది.

ఆనకట్టను బ్లెండర్ అనే త్రీడీ ప్రోగ్రాంలో కట్టి ఏసీ ఫార్మాట్‌లో ఎగుమతి చేయాలి. గేట్లు 26. ఒక్క గేటు చేసి 26 చోట్ల వాడితే పాలిగన్లు అదుపులో ఉంటాయి. 124 మీటర్ల ఎత్తు అన్నది పునాది నుంచి లెక్క, నీటి మీద కనబడేది అంత ఉండదు. బొమ్మను ఆ ఎత్తున పెడితే వంతెన గాల్లో తేలుతుంది.

నేలను మళ్ళీ కట్టాలంటే టెర్రాగేర్ కావాలి. ఇది వేరే రిపాజిటరీ, జీడాల్, సీజీఏఎల్ లైబ్రరీలు అడుగుతుంది, సిమ్‌గేర్‌కు లింక్ అవుతుంది. ఎత్తుల సమాచారం ఎస్‌ఆర్‌టీఎం. 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ షటిల్ 11 రోజుల యాత్రలో రాడార్‌తో కొలిచినది. ఒక డిగ్రీకి ఒక ఫైలు. ఒక ఆర్క్ సెకండ్ ఫైలులో 3,601 వరుసలు, 3,601 నిలువులు, ఒక్కో ఎత్తుకు రెండు బైట్లు. కాబట్టి ఫైలు కచ్చితంగా 2,59,34,402 బైట్లు ఉండాలి. మూడు ఆర్క్ సెకండ్లదైతే 28,84,802. ఒక్క బైటు తేడా ఉన్నా డౌన్‌లోడ్ తెగిందన్నమాట. బైట్ల క్రమం బిగ్ ఎండియన్, సొంత పైథాన్‌తో చదివేవాళ్ళు అది మరిస్తే నల్లగొండ ఎవరెస్ట్‌ను దాటుతుంది. ఎత్తులను ముక్కలుగా కోయడానికి హెచ్‌జీటీచాప్, వాటికి త్రిభుజాల వల అమర్చడానికి టెర్రాఫిట్, చెరువులు, నదులు, రోడ్ల షేప్ ఫైళ్ళకు ఓజీఆర్-డీకోడ్, విమానాశ్రయాలకు జెన్ఆప్ట్స్850, చివర అన్నింటినీ కలిపి కుట్టేది టీజీ-కన్‌స్ట్రక్ట్. ఓజీఆర్-డీకోడ్‌కు ఇచ్చే నేల రకం పేరు ప్రాధాన్యాల ఫైలులోనూ, ఎఫ్‌జీడేటా మెటీరియల్స్‌లోనూ అక్షరం పొల్లుపోకుండా ఉండాలి.

ఇక్కడే మన పిల్లలు మాత్రమే చేయగల పని ఉంది. దూరాన కూర్చుని ప్రపంచం మొత్తానికి కట్టిన నేలలో మన చిన్న చెరువులు తప్పిపోతాయి. నల్లగొండ పక్కన పానగల్ ఉదయసముద్రం, పాలమూరు వైపు కోయిల్‌సాగర్, డిండి, మూసీ ప్రాజెక్టు, జూరాల, ఊరూరా ఉన్న కుంటలు: ఏది నిండుతుందో, ఏది ఎండి పొలమైందో, కట్ట ఎటు వంగుతుందో తెలిసినవాళ్ళు మీరు. ముందు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఆ చెరువు హద్దు సరిచేయండి, తర్వాత ఆ హద్దును దించి టెర్రాగేర్‌కు ఇవ్వండి. వారి లైసెన్స్ ప్రకారం మూలం పేరు రాయాలి. నీటి మట్టంలో ఒక మెలిక ఉంది. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, అంటే దాదాపు 180 మీటర్లు. రాడార్ కొలిచింది ఫిబ్రవరిలో కాబట్టి ఆనాడు నీళ్ళెంత ఉంటే అంతే ఎత్తు ఫైలులో ఉంటుంది. నిండు జలాశయం చూపాలంటే ఎత్తు మీరే దిద్దాలి. భువనగిరి కోట బండ మరో పరీక్ష. నిట్టనిలువు రాతిని 30 మీటర్లకు ఒక్క బిందువు చొప్పున కొలిస్తే అది మెత్తటి గుట్టలా దిగుతుంది. టెర్రాఫిట్‌లో ఎత్తు ఎంత వరకు తప్పినా ఫర్వాలేదన్న హద్దు తగ్గిస్తే త్రిభుజాలు పెరిగి కొంత నిలబడుతుంది, ఫ్రేములు తగ్గుతాయి. ఎక్కడ ఆపాలన్నది ఇంజనీరింగ్ నిర్ణయం, దాన్ని గ్రాఫుతో సమర్థించడమే ప్రాజెక్టు.

గైడ్లు అడిగేది ఒకటుంది: ఇందులో కొత్తదనం ఏది, ఎవరో రాసిన కోడే కదా? ఉద్యోగంలో చేరిన మొదటి రోజు పిల్లలకు ఇచ్చేది కూడా ఎవరో రాసిన లక్షల లైన్ల కోడే. దాన్ని కట్టడం, చదవడం, ఒక్కచోట మార్చి మిగతాది చెడకుండా చూడటం రానివాళ్ళకు సొంతంగా రాసిన హాజరు పట్టిక వెబ్‌సైట్ ఏం నేర్పింది? మార్కులు వేయడం కూడా తేలికే. ఒకరు బిల్డ్, ఒకరు టెర్రాగేర్, ఒకరు త్రీడీ బొమ్మలు, ఒకరు జేఎస్‌బీసిమ్ కొలతలు చూసుకుంటారు. ఎవరు ఏం చేశారో గిట్ చరిత్ర తేదీతో సహా చెప్తుంది. వైవాలో ఖాళీ మెషిన్ ముందు కూర్చోబెట్టి, పీఎన్‌జీ ప్లగిన్ ఫైలు పక్కకు తీసేసి, ఏమైందో కనుక్కోమనండి. ప్రాజెక్టు కొనుక్కొచ్చిన బ్యాచ్ అక్కడ పది నిమిషాలు నిలవదు.

దిద్దిన కోడ్‌ను పెన్‌డ్రైవ్‌లోనే ఉంచుకోకండి. ఫ్లైట్‌గేర్ రిపాజిటరీలు ఇప్పుడు గిట్‌ల్యాబ్‌లో ఉన్నాయి. అక్కడ ఫోర్క్ చేసి, ఒక్క విషయానికి ఒక్క బ్రాంచ్ చొప్పున, ఏ కంపైలర్‌తో ఏ ఎర్రర్ వచ్చిందో యథాతథంగా రాసి మెర్జ్ రిక్వెస్ట్ పెట్టండి. పంపేముందు నెక్స్ట్ బ్రాంచ్‌లో అదే తప్పు ఇంకా ఉందో లేదో చూడండి, చాలాసార్లు అక్కడ ముందే దిద్ది ఉంటారు. అప్పుడు ఆ కమిట్‌ను చెర్రీ-పిక్‌తో మీ రిలీజ్ బ్రాంచ్‌కు తెచ్చుకుంటే సరిపోతుంది.